చెంబుకు ఫొటో ఎందుకు?

మా అవ్వ అడిగిన ఒక చిన్న ప్రశ్నకు జవాబు వెదకడానికి నాకు ముప్పయ్యేళ్ళు పట్టింది. ఆ జవాబు కూడా పూర్తిగా నాది కాదు. సగం చరిత్ర పుస్తకాలలో దొరికింది, మిగతా సగం మా ఇంటి అటక మీద దొరికింది. ఆ రెండు సగాలనూ ఒకచోట పెట్టి చూద్దామనే ఈ టపా.

1994 వేసవి సెలవులు. ఒక మిత్రుడి దగ్గర ఫిల్ము కెమెరా అరువు తెచ్చుకొని మా ఊరు వెళ్ళాను. మా ఊరు వెంకటగిరికోట. చిత్తూరు జిల్లాకు పడమటి కొసన, అటు కన్నడ దేశమూ ఇటు తమిళ దేశమూ చేతికందేటంత దూరంలో ఉంటుంది. జనం నోళ్ళలో మాత్రం అది వి.కోట. కెమెరా వచ్చిందని తెలియగానే ఇంట్లోవాళ్ళంతా స్నానాలు చేసి, తలలు దువ్వుకొని, వరుసగా నిలబడడానికి సిద్ధమయ్యారు. నేనేమో అంతకు ముందు నెలలోనే గ్రంథాలయంలో ఒక విదేశీ ఛాయాచిత్రాల పుస్తకం తిరగేసి ఉన్నాను. అందులో పండ్లూ, గాజు గ్లాసులూ, ఒక ముళ్ళగరిటే ఉన్నాయి, మనుషులు లేరు. ఆ పిచ్చి తలకెక్కి, నడవలో కిటికీ ప్రక్కన పీట వేసి, దాని మీద ఇత్తడి చెంబు పెట్టి, పుస్తకాల దొంతి మీద కెమెరా నిలిపి మీట నొక్కాను. ఉన్నవే ముప్పయ్యారు బొమ్మలు. అందులో ఏడు చెంబుకే అయిపోయాయి. వాకిట్లో నిలబడి ఇదంతా చూస్తున్న అవ్వ ఇక ఉండబట్టలేక అడిగింది.

"ఏమిరా, ఇంతమంది మనుషుల్ని పెట్టుకోని చెంబుకు ఫొటో తీస్తా ఉండావు? దానికేమన్నా పెండ్లి సంబంధం చూస్తా ఉండావా?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ప్రశ్న మిగిలిపోయింది. చెంబుకు ఫొటో ఎందుకు?

దీనిని బొమ్మలు గీసేవారు స్టిల్ లైఫ్ అంటారు. ఆ ఇంగ్లీషు మాట డచ్చి భాష నుండి వచ్చింది. కదలని బ్రతుకు అని అర్థం. ఫ్రెంచివారు అదే దానిని చచ్చిన ప్రకృతి అన్నారు. ఒకే పళ్ళెంలోని పండును ఒకరు బ్రతికి ఉందన్నారు, మరొకరు చచ్చిందన్నారు! మనవాళ్ళు నిశ్చల చిత్రమనీ, స్థిరవస్తు చిత్రణమనీ పేర్లు పెట్టారు గానీ అవి పుస్తకాలు దాటి బయటకు రాలేదు. మా ఊళ్ళో అడిగితే 'సామాన్ల ఫొటో' అంటారు. నాకు ఆ పేరే బాగుంది.

చరిత్ర చదువుతూ పోతే తెలిసిన మొదటి సంగతి, ఈ సామాన్ల ఫొటో ఛాయాచిత్రకళకు చిట్టచివరి కొమ్మ కాదు, మొదటి వేరు. ఫ్రాన్సు దేశస్థుడు నీసెఫోర్ నియెప్స్ తన ఇంటి కిటికీలోంచి కనబడే దృశ్యాన్ని 1826–27 ప్రాంతంలో లోహపు పలక మీద నిలిపాడు. అన్నం బల్ల మీద సీసా, గిన్నె, కత్తి, రొట్టె పేర్చి తీసిన మరొక చిత్రం కూడా ఆయనదేనంటారు. దాని అసలు పలక పోయింది, ముద్రిత ప్రతి మాత్రమే మిగిలింది. ఏ సంవత్సరానిదో పండితులకు ఈనాటికీ ఏకాభిప్రాయం లేదు. ఆయన భాగస్వామి లూయీ డగేర్ 1837లో తీసిన చిత్రం నేటికీ ఉంది. అందులో ఉన్నవి ప్లాస్టరు బొమ్మలూ, అల్లిక చుట్టిన ఒక సీసా, చట్రం కట్టిన ఒక చిత్రమూ.

మనుషులను వదిలి సామాన్లను ఎందుకు తీశారు? కారణం చాలా సాదాది. ఆనాటి పలకల మీద వెలుతురు తన పని చేయడానికి నిమిషాలు పట్టేది, ఒక్కొక్కప్పుడు గంటలు పట్టేది. అంతసేపు కదలకుండా ఉండగలిగినది సీసా, బొమ్మ, బల్ల మాత్రమే. 1838లో డగేర్ పారిసులో ఒక పెద్ద వీధిని తీస్తే, ఆ వీధిలో నడిచే మనుషులూ బండ్లూ ఒక్కటీ పడలేదు. చెప్పులు తుడిపించుకొంటూ ఒకచోట నిలబడిపోయిన మనిషి ఒక్కడు మాత్రం పడ్డాడు. కదిలినవాడు మాయమై, నిలిచినవాడు మిగిలాడన్నమాట. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, చివరలో మళ్ళీ వస్తాను.

ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ అనే పెద్దమనిషి కాగితం మీద ఛాయాచిత్రాలు తీసే పద్ధతి కనిపెట్టి, 1844 నుండి 1846 వరకు భాగాలు భాగాలుగా 'ద పెన్సిల్ ఆఫ్ నేచర్' అనే పుస్తకం వెలువరించాడు. మొత్తం ఇరవైనాలుగు చిత్రాలు. వాటిలో మూడవది అలమారులో పేర్చిన పింగాణీ పాత్రలు, నాలుగవది గాజు సామాను, చిట్టచివరిది పండ్ల బుట్టలు. పింగాణీ చిత్రం క్రింద ఆయన చెప్పిన మాటల సారం ఇది: ఇన్ని పాత్రల జాబితా వ్రాయాలంటే ఎంత శ్రమ! ఛాయాచిత్రమైతే అన్నింటినీ ఒక్క గుక్కలో వ్రాసేస్తుంది. రేపు ఏ దొంగైనా వీటిని ఎత్తుకుపోతే ఈ మూగ చిత్రాన్ని న్యాయస్థానంలో సాక్ష్యంగా పెట్టవచ్చు, న్యాయాధికారులు దానికేమంటారో చూడాలి.

అంటే కళ అనే మాట రాకముందే సామాన్ల ఫొటోకు రెండు పనులు అప్పగించారు. ఒకటి జాబితా, రెండవది సాక్ష్యం. అదే పుస్తకంలో తెరిచిన తలుపు ప్రక్కన ఆనించి పెట్టిన చీపురు చిత్రం ఒకటుంది. మామూలు మనుషులకు అక్కడ చూడడానికి ఏమీ లేదనిపించే చోట చిత్రకారుడి కన్ను ఆగుతుందని టాల్బట్ దాని క్రింద వ్రాశాడు. చీపురును వెనకేసుకొచ్చిన ఆ పెద్దమనిషి మీద నాకు అప్పటినుండి గొప్ప అభిమానం.

ఇది ఎక్కడో ఐరోపా గొడవ, మనకెందుకు అనుకోకండి. ఈ కథ ఇరవై ఏళ్ళు తిరగకముందే మన గడప దాకా వచ్చింది. అప్పటికి మా చిత్తూరు సీమతో సహా తెలుగు జిల్లాలు చాలావరకు మద్రాసు రాజధానిలోనివి. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు మద్రాసులో చిత్రకళాశాల నెలకొల్పాడు. కొద్ది యేళ్ళలోనే అక్కడ ఛాయాచిత్రణం కూడా నేర్పసాగారు. 1856లో మద్రాసు ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. సరిగ్గా ఆ రోజులలోనే లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారి రంగం మీదికి వచ్చాడు. 1822లో పుట్టిన ఇతడు మద్రాసు పదాతిదళంలో పనిచేస్తూ, సెలవు మీద స్వదేశం వెళ్ళినప్పుడు ఈ విద్య నేర్చుకొన్నాడు. బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ 1854 డిసెంబరులో హళేబీడు, బేలూరు ఆలయాలను తీశాడు. 1855లో బర్మా వెళ్ళిన రాయబారంలో అధికారిక ఛాయాచిత్రకారుడయ్యాడు. ఆ తరువాత మద్రాసు ప్రభుత్వమే తన ఛాయాచిత్రకారుడిగా నియమించుకొంది. మధుర, తంజావూరు, తిరుచిరాపల్లి కోవెలలు ఆయన తీసినవే.

అయితే తెలుగువాళ్ళం గుర్తుపెట్టుకోవలసినది కోవెలల చిత్రాలను కాదు. 1858లో ఆయన మద్రాసు మ్యూజియంలో కొన్ని రాళ్ళను తీశాడు. అవి మన అమరావతి రాళ్ళు.

ఆ రాళ్ళు మద్రాసుకు ఎట్లా చేరాయన్నది వేరే కథ, క్లుప్తంగా చెబుతాను. కృష్ణ ఒడ్డున రెండువేల యేళ్ళనాటి మహాస్తూపం మట్టిదిబ్బగా మిగిలి ఉన్న రోజులలో, పద్దెనిమిదవ శతాబ్దం చివర, జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ క్రొత్త పట్టణం కట్టించాడు. కట్టడాలకు రాయి కావలసి దిబ్బను త్రవ్వించాడు. కొన్ని శిల్పాలు గోడలలోకి పోయాయి, కొన్ని సున్నపు బట్టీలలో కాలిపోయాయి. ఆ సంగతి విని చూడవచ్చిన కాలిన్ మెకంజీ, 1816లో మళ్ళీ వచ్చి తన చిత్రకారుల చేత శిల్పాలకు బొమ్మలు గీయించాడు. 1845లో గుంటూరులో అధికారిగా ఉన్న వాల్టర్ ఇలియట్ మరికొంత త్రవ్వించి దొరికిన రాళ్ళను మద్రాసుకు పంపాడు. అందుకే వాటికి 'ఇలియట్ మార్బుల్స్' అని పేరు పడింది. చెక్కినవారి పేరు కాదు, ఊరి పేరూ కాదు, ఎత్తుకొచ్చినవారి పేరు! అక్కడ అవి చాలా యేళ్ళు ఎండకూ వానకూ ఆరుబయటే పడి ఉన్నాయి.

ట్రైప్ కెమెరా ముందుకు అవి వచ్చింది ఆ దశలో. మరుసటి సంవత్సరం, 1859లో, వాటిని ఓడకెక్కించి లండనుకు పంపివేశారు. 1860లో అక్కడికి చేరిన తరువాత కూడా వాటికి గౌరవం దక్కలేదు. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ అనే పండితుడు వెదుకుతూ పోతే ఫైఫ్ హౌస్ అనే భవనపు బండ్ల కొట్టంలో కనబడ్డాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి, నేటికీ అక్కడే ఉన్నాయి. ట్రైప్ పని కూడా ఎక్కువ రోజులు సాగలేదు. 1859లో గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెల్యన్, ఖజానా పరిస్థితికి ఇది తగని విలాసమని తేల్చి ఆ శాఖనే ఎత్తివేయించాడు.

ఒక్కసారి ఆలోచించండి. ఆ రాళ్ళు తెలుగు నేల విడిచి వెళ్ళాక, సముద్రం దాటక ముందు, ఒక యేడాది వ్యవధిలో వాటికి ఫొటోలు పడ్డాయి. ఏ రాయి ఎక్కడ విరిగింది, ఏ ముఖం అప్పటికే అరిగింది, ఏ పూవు ఇంకా చెక్కుచెదరకుండా ఉంది అని 1858 నాటి స్థితిని చెప్పగలిగినవి ఆ కాగితాలే. తీసినవాడి ఉద్దేశం కళా కాదు, మన మీద ప్రేమా కాదు. సర్కారు పని, అంతే. టాల్బట్ చెప్పిన జాబితా అది. అయినా కాలం గడిచేకొద్దీ జాబితా కాస్తా సాక్ష్యంగా మారింది. ఫొటో ఉన్నంతమాత్రాన రాళ్ళు తిరిగి రాలేదు నిజమే. కానీ ఏమి పోయిందో చూపించడానికి వేలు పెట్టే చోటు ఒకటి మిగిలింది.

ఆ తరువాత మన దేశంలో కెమెరా మనుషుల వైపు తిరిగింది. మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టి హైదరాబాదులో స్థిరపడిన లాలా దీన్ దయాళ్, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆస్థాన ఛాయాచిత్రకారుడై, రాజా ముసవ్విర్ జంగ్ బిరుదు పొంది, 1905లో మరణించాడు. ఆయన పేరు చెప్పగానే గుర్తుకొచ్చేది నవాబులూ, దొరలూ, దర్బారులూ. ఫలక్‌నుమా లోపలి గదులను తీసిన చిత్రాలలో దీపగుచ్ఛాలూ కుర్చీలూ బల్లలూ మనిషి లేకుండా కనబడతాయి గానీ, అవి కూడా యజమాని వైభవానికి సాక్షులే. ఇక మన చిన్న ఊళ్ళ స్టూడియోలు ఆ దర్బారుకే పిల్లలు. అక్కడ సామాను ఉండేది, కానీ పక్కవాయిద్యంగా. కుర్చీ, పూలకూజా, వెనుక రంగుల తెర, చేతికి అరువు గడియారం. మనిషిని పెద్దవాణ్ణి చేసి చూపించడమే వాటి పని. మా ఇంట్లోనూ ఒక పాత ఫొటోలో మా తాత ప్రక్కన రేడియో ఉంది. ఆ రేడియో మాది కాదట, స్టూడియోవాళ్ళదట. మాదైన చెంబుకు మాత్రం నేను తీసేదాకా ఫొటో లేదు.

వాడుక వస్తువు కెమెరా ముందు ప్రధానపాత్ర కావడం ఇరవయ్యవ శతాబ్దంలో ఇతర దేశాలలో జరిగింది. 1930లో అమెరికాలో ఎడ్వర్డ్ వెస్టన్ ఒక బెంగుళూరు మిరపకాయను రేకు గరాటులో కూర్చోబెట్టి తీశాడు. ఆ చిత్రాన్ని ఛాయాచిత్రకళలో మేటివాటిలో ఒకటిగా చెబుతారు. బొమ్మలు తీసిన మిరపకాయలను తరువాత ఆయన తినేశాడు కూడా! బెంగుళూరు మిరపను తూకానికి అమ్మే మా ప్రాంతపు రైతులకు ఈ కథ చెబితే, మార్కెట్లో ధర పడిపోయిన రోజున తామూ అదే పని చేస్తామని నవ్వారు. ప్రేగ్ నగరంలో జోసెఫ్ సుడెక్ మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకొన్నవాడు. రెండవ యుద్ధ కాలంలో నగరం శత్రువుల చేతిలో ఉండగా తన పనిగది కిటికీనీ, దాని అంచు మీది గ్లాసునూ ఏళ్ళ తరబడి తీశాడు. బయటకు వెళ్ళలేనివాడికి కిటికీ గట్టే లోకం.

ఇంతవరకు పుస్తకాలలో దొరికిన సగం. ఇక అటక సంగతి.

అవ్వ పోయి చాలా కాలమైంది. మొన్నామధ్య మా వి.కోట ఇల్లు పంపకానికి వచ్చింది. మిద్దె పాతబడింది, పడగొట్టి స్థలం పంచుకోవాలని పెద్దలు నిర్ణయించారు. అటక మీది సామాను క్రిందికి దించితే నడవ నిండిపోయింది. గంగాళం, బిందెలు, పడి, అరపడి, సంగటి తెడ్డు, కవ్వం, లాంతరు, కోలారు బంగారు గనులలో కొన్నాళ్ళు పనిచేసిన తాత మోసుకెళ్ళిన టిఫిన్ క్యారియర్, పట్టుపురుగులు గూళ్ళు కట్టే వెదురు చంద్రికలు రెండు. "ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోండి, మిగిలింది తూకానికి వేసేద్దాం" అన్నాడు పెదనాన్న. తప్పు పట్టడానికేమీ లేదు; పట్నంలో రెండు గదుల ఇళ్ళలో గంగాళం ఎక్కడ పెడతారు? తూకానికి రెండు రోజుల గడువు అడిగి నేను కెమెరా తీశాను.

ఆ రెండు రోజులలో నేర్చుకొన్నది కొంచెం చెబుతాను, ఎవరికైనా పనికి రావచ్చు. ఎండ నేరుగా పడితే ఇత్తడి మండిపోతుంది తప్ప ఆకారం కనబడదు. నీడపట్టున ఉన్న కిటికీ వెలుతురే మేలు. వెలుతురు ఒకవైపు నుండి వస్తుంటే రెండవవైపు తెల్ల పంచె కట్టి నిలిపితే చాలు, నీడలో దాగిన అంచు బయటపడుతుంది. కెమెరాను ముక్కాలి పీట మీద నిలిపి, మీట నుండి చేయి తీసేసి, టైమరుకు వదలాలి. చంద్రికకు ఎదురు వెలుతురు కావాలి. అప్పుడే దాని సుడుల నీడ నేల మీద ముగ్గులాగా పడుతుంది. అన్నింటికంటే కష్టం మెరిసే పాత్ర. దానిలో కిటికీ, పంచె, కెమెరా, నా తలకాయ అన్నీ కనబడతాయి. వాటిని తప్పించడానికి నల్ల దుప్పటి కప్పుకొని నానా తంటాలు పడ్డాను.

రెండవ రోజు సాయంత్రం రాగి బిందె వంతు వచ్చింది. మసిబారి, సొట్టలు పడి ఉంది. ఎదురుగా వెలుతురు పెడితే ఉత్త నల్లటి గుండు. విసుగొచ్చి, టార్చిలైటు తెచ్చి బిందె భుజానికి దాదాపు తగిలేటట్లు ప్రక్కనుండి వేశాను. పల్చగా చెక్కిన శిల్పాలకు ఏటవాలు వెలుతురు కావాలని అమరావతి రాళ్ళ గురించి చదివేటప్పుడు తెలుసుకొన్నదే. వెంటనే రాగి మీద చుక్కలు లేచాయి. చుక్కలు కలిపితే అక్షరాలు. పాత్రలు కొన్నప్పుడు ఉలితో చుక్కలు కొట్టించి పేరు వేయించే అలవాటు మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. అది ఒక ఆడమనిషి పేరు. మాలో ఎవరి పేరూ కాదు.

మేనత్తను పిలిచి చూపించాను. చాలాసేపు తడిమి చూసి, "ఇది మా అమ్మను కన్నతల్లి బిందెరా, పుట్టింటి నుండి తెచ్చుకొన్నదని అమ్మ చెబుతా ఉండె" అంది. ఆ ముత్తవ్వ పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు. మేనత్తకు ఆమె 'జేజి', మాకు 'ముత్తవ్వ', ఊరికి 'ఫలానావాళ్ళ ఆడమనిషి'. ఓటరు జాబితాలు రాకముందే పోయిన మనిషి. ఆమె పేరు వ్రాసి ఉన్న వస్తువు ప్రపంచంలో ఆ బిందె ఒక్కటే. అది మరునాటి ఉదయం తూకానికి పోవలసిన కుప్పలో ఉంది.

పోలేదు లెండి. మేనత్త పమిటతో తుడిచి, తనతో తీసుకువెళ్ళింది. కానీ కుప్పలో మిగిలిన వాటిలో ఎన్నింటి మీద ఏమేమి ఉన్నాయో! అన్నింటినీ ఏటవాలు వెలుతురులో చూసే వ్యవధి లేకపోయింది. కొన్ని బట్టీకి పోయాయి, అమరావతి రాళ్ళలాగానే. తిరగలిని ఎవరూ మోయలేక అక్కడే వదిలేశారు.

తిరిగి వచ్చాక, 1994 నాటి ఆ ముప్పయ్యారు బొమ్మల రీలు వెదికి బయటకు తీసి, స్కాన్ చేయించాను. చెంబు చిత్రాలు ఏడింటిలో ఆరు పాడైపోయాయి. ఏడవది కూడా ఆనాడు నాకు నచ్చలేదు. చెంబు కడుపు మీద ఏవో నీడలు పడ్డాయని ప్రక్కన పడేశాను. ఇప్పుడు తెర మీద పెద్దది చేసి చూస్తే ఆ నీడలు నీడలు కావు. ఇత్తడి గుండ్రతనంలో వంకరగా సాగిన వాకిలి, ఆ వాకిట్లో చీర కొంగు నడుముకు దోపుకొని నిలబడిన అవ్వ. వ్రేలి గోరంత కూడా లేదు. కెమెరా అరసెకను తెరుచుకొని ఉన్నంతసేపూ, ఈ పిల్లవాడు చెంబును ఏం చేస్తున్నాడా అని, కదలకుండా నిలబడి చూసినట్లుంది. లేకపోతే పారిసు వీధిలో జనంలాగా ఆమె కూడా మాయమైపోయి ఉండేది.

ఆ రోజు వరుసలో నిలబెట్టి తీసిన ఫొటోలలో అవ్వ లేదు. "నాకెందుకులేరా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మిత్రులారా, మీ అటకల మీద కూడా తూకానికి పోకుండా మిగిలిన పాత్రలు ఉండే ఉంటాయి. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఒక టార్చిలైటు తీసుకువెళ్ళి, ప్రక్కనుండి వేసి చూడండి. ఎవరి పేరు కనబడిందో వీలైతే నాకూ ఒక ముక్క వ్రాయండి.